మోకాలి పట్టీ: ఎంచుకోవడం, కొలవడం, తొడగడం

మోకాళ్లలో గుజ్జు అరిగిందని డాక్టరు చెప్పిన రోజునే చాలామంది ఇంటికి వెళ్లే దారిలో మందుల షాపు దగ్గర ఆగి ఒక నీ క్యాప్ (మోకాలికి తొడిగే సాగే పట్టీ) కొనుక్కుంటారు. కౌంటరు వెనకున్న కుర్రాడు మనిషిని ఎగాదిగా చూసి, ‘మీకు ఎల్ సైజు సరిపోతుందండీ’ అని డబ్బా చేతిలో పెడతాడు. మా అమ్మకు కొన్న మొదటి పట్టీ అలా వచ్చినదే. ఆమె గేటు దాకా నడిచేసరికి అది చుట్ట చుట్టుకుని పిక్క మీదికి జారింది. తీసి చూస్తే మోకాలి వెనక మడతలో వేలెడంత పొడవున ఎర్రగా ఒరుసుకుపోయి ఉంది. ఆ పట్టీ నేటికీ బీరువా అడుగున పడి ఉంది. పట్టీలతో లాభం లేదనేవారిలో చాలామంది తమ కాలికి సరిపోని పట్టీని వాడి ఉంటారని నా అనుమానం.

పట్టీ వల్ల అరిగిన మృదులాస్థి, అంటే ఆ గుజ్జు, తిరిగి పెరగదు. నడిచేటప్పుడు, మెట్లెక్కేటప్పుడు నొప్పి కొంత తగ్గించడం, కాలు మడత పడిపోతుందేమోనన్న భయాన్ని తగ్గించడం మాత్రమే దాని పని. 2019లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ, ఆర్థరైటిస్ ఫౌండేషన్ కలిసి వెలువరించిన మార్గదర్శకాలు నడకకు, కీలు నిలకడకు బాగా ఇబ్బంది ఉన్నవారికి పట్టీని గట్టిగానే సిఫారసు చేశాయి. బ్రిటన్‌లో వైద్య సూచనలు రూపొందించే నైస్ సంస్థ 2022లో ఇచ్చిన సూచనలు మాత్రం అందరికీ మామూలుగా ఇవ్వవద్దని, కీలులో నిలకడ లోపించినప్పుడో భారం అసహజంగా పడుతున్నప్పుడో, అదీ పట్టీ ఆసరా లేకుండా వ్యాయామం సాగనప్పుడు ఇవ్వవచ్చని అంటాయి. కాబట్టి కొనే ముందు తేల్చుకోవలసింది మన మోకాలికి పట్టీతో పని ఉందా, ఉంటే ఏ రకంతో అన్నదే.

ఇందుకు నిలబడి తీయించుకున్న ఎక్స్‌రే ఉపయోగపడుతుంది. పడుకుని తీసినదానిలో బరువు మోపినప్పుడు కీలు ఎలా నొక్కుకుపోతుందో సరిగా తెలియదు. చాలామందికి మోకాలి లోపలి వైపు, అంటే రెండో కాలికి ఎదురుగా ఉండే వైపు ఎక్కువగా అరుగుతుంది, కాళ్లు క్రమంగా దొడ్డికాళ్లవుతాయి. అరుగుదల ఇలా ఒక పక్కకే ఎక్కువగా ఉన్నప్పుడు ‘అన్‌లోడర్’ అనే గట్టి బ్రేస్ (బిగుతైన ఆసరా పట్టీ) పనికొస్తుంది. అది తొడను, పిక్కను పట్టుకుని మోకాలిని పక్క నుంచి నెడుతూ, అరిగిన వైపు పడే భారంలో కొంత రెండో వైపుకు మళ్లిస్తుంది. కుడి ఎడమలకు, లోపలి బయటి వైపులకు తేడా ఉంటుంది కనుక దీన్ని ఫిజియోథెరపిస్టు సమక్షంలో కాలికి అమర్చి చూసుకున్నాకే కొనాలి. మెట్లు దిగేటప్పుడు, కుర్చీలోంచి లేచేటప్పుడు నొప్పి ముఖ్యంగా మోకాలి చిప్ప వెనకే ఉంటే చిప్పను ఒరగకుండా పట్టి ఉంచే పట్టీ వేరే ఉంది. మామూలు సాగే నీ క్యాప్ భారాన్ని మళ్లించదు; వెచ్చదనాన్ని, బిగువును, కాలు ఎక్కడ పడుతోందన్న స్పృహను ఇస్తుంది. నొప్పి తేలికగా ఉన్నవారికి అదే చాలవచ్చు.

కొలతకు కుట్టుపనివారి టేపు చాలు. చిప్ప మధ్య బిందువు దగ్గర పెన్నుతో గుర్తు పెట్టి, అక్కడి చుట్టుకొలతతో పాటు పైకి 15 సెంటీమీటర్ల దూరంలో తొడ చుట్టూ, కిందికి అంతే దూరంలో పిక్క చుట్టూ కొలిచి రాసుకోండి. కొన్ని కంపెనీలు ఈ మూడూ అడుగుతాయి, కొన్ని ఒక్కటే అడుగుతాయి. కాలు చాచి కొలవాలా, కొద్దిగా మడిచి కొలవాలా అన్నది కూడా డబ్బా మీది పట్టికను బట్టే ఉంటుంది. ఒక కంపెనీ ఎల్ సైజు ఇంకో కంపెనీలో ఎమ్ కావచ్చు. రెండు కాళ్లనూ విడివిడిగా కొలవండి, ఎందుకంటే నొప్పి ఉన్న కాలి తొడ కండరం తగ్గిపోయి ఉండటం అరుదు కాదు.

తొడిగేటప్పుడు నిలబడి కుస్తీ పట్టకుండా కుర్చీ అంచున కూర్చుని, పాదం నేలకు ఆనించి, మోకాలిని కొద్దిగా మడిచి ఉంచండి. పక్కల ఇనుప కీళ్లున్న బ్రేస్ అయితే ఆ కీళ్లు చిప్ప మధ్యకు సమానంగా రావాలి. ఒక అంగుళం కిందికి దిగినా మనం మోకాలు మడిచినప్పుడు బ్రేస్ వేరే చోట మడవబడి చర్మాన్ని లాగుతుంది. సాధారణంగా పిక్క దగ్గరి వెల్క్రో పట్టీని ముందు బిగించాలి, ఎందుకంటే మొత్తం బ్రేస్ జారకుండా ఆపేది పిక్క కండరమే. ఆ తర్వాత తొడ పట్టీ బిగించి, పట్టీ కింద రెండు వేళ్లు దూరుతున్నాయో లేదో చూసుకుని, లేచి పది అడుగులు వేసి మళ్లీ సరిచేసుకోండి. ప్యాంటు మీద, పైజామా మీద తొడిగితే జారుతుంది. చర్మం మీదే ఉండాలి, లేదా పట్టీతో పాటు ఇచ్చే పల్చటి తొడుగు మీద ఉండాలి. ఈ విషయంలో చీర, పంచె కట్టుకునేవారికి కాస్త సుఖం.

మొదటి రోజు గంట చాలు, వారం రోజుల్లో మెల్లగా పెంచుకోవచ్చు. సంతకు, గుడికి, పొలానికి, మెట్లెక్కే పనికి వేసుకుని, ఇంటికొచ్చి కూర్చోగానే తీసేయండి. డాక్టరు ప్రత్యేకంగా చెబితే తప్ప రాత్రి నిద్రలో వద్దు. బ్రేస్ ఉండగా బాసింపట్టు వేసుకుని నేల మీద కూర్చోవడానికి ప్రయత్నించకండి. మన ఎండల్లో నియోప్రీన్ (రబ్బరు లాంటి గుడ్డ) పట్టీ కింద చెమట నిలిచి దద్దుర్లు వస్తాయి కనుక, తీసిన ప్రతిసారీ మోకాలి వెనక మడతను తుడిచి చూసుకోవడం అలవాటు చేసుకోవాలి. మధుమేహంతో పాదాల్లో స్పర్శ తగ్గినవారు, కాళ్లలో రక్తప్రసరణ సరిగా లేనివారు, గతంలో సిరల్లో రక్తం గడ్డకట్టినవారు డాక్టరును అడగకుండా బిగువైన పట్టీ జోలికి వెళ్లకూడదు. పాదం తిమ్మిరెక్కినా, చల్లబడినా, రంగు మారినా వెంటనే తీసేయాలి. పిక్క వాచి, వేడెక్కి నొప్పి పెడితే ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.

పట్టీతో దొరికిన ఉపశమనాన్ని నడకకు, తొడ కండరాల వ్యాయామానికి వాడుకోకపోతే పెట్టిన డబ్బు సగం వృథా. పట్టీ తీసేశాక మంచం మీద వెల్లకిలా పడుకుని, ఒక మోకాలు మడిచి, రెండో కాలిని తిన్నగా చాచి ఒక అడుగు ఎత్తు లేపి ఐదు అంకెలు లెక్కపెట్టి దించండి. పదేసి సార్లు చాలు. శరీర బరువు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులోనూ మోకాలి మీద దాదాపు 4 కిలోల భారం తగ్గుతుంది. చేతికర్ర వాడేవారు దాన్ని నొప్పి ఉన్న కాలికి అవతలి వైపు చేతిలో పట్టుకోవాలి.

ఉతికేటప్పుడు వెల్క్రోలను మూసి, ఇనుప కీళ్లు ఊడేవైతే ఊడదీసి, తేలికపాటి సబ్బుతో చల్లటి నీళ్లలో చేత్తో ఉతికి నీడన ఆరేయండి. బిగువు వదులైనా, మీ బరువు బాగా మారినా టేపు తీసి మళ్లీ మొదటి నుంచి కొలవండి.