మానసిక అనారోగ్యానికి సెలవు ఎలా అడగాలి?

ఆఫీసులో సెలవు దరఖాస్తులు చూసే పని నాది. మానసికంగా నలిగిపోయి సెలవు అడిగేవారిలో ఎక్కువమంది తడబడేది ఉత్తరం దగ్గరే. కొందరు జ్వరమని రాస్తారు. కొందరు మనసులో ఉన్నదంతా పేజీలకు పేజీలు గుమ్మరిస్తారు. జబ్బూ నిజమే, సెలవూ న్యాయమే. అయినా రాసిన తీరు వల్ల చిక్కుల్లో పడుతుంటే చూస్తూ ఊరుకోలేక ఇది రాస్తున్నాను.

చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే మాత్రం కింద చెప్పిన మెట్లేవీ వద్దు. ఇంట్లోవాళ్లకో స్నేహితులకో ఇప్పుడే చెప్పి, తోడు తీసుకుని ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి. ఆఫీసుకు కబురు వాళ్లు చేరవేస్తారు. కాగితాల సంగతి తరవాత చూసుకోవచ్చు.

1. నిబంధనలు చూడండి

ఎన్ని రోజులు దాటితే మెడికల్ సర్టిఫికెట్ కావాలి, అందులో జబ్బు పేరు ఉండాలా, దరఖాస్తు ఎవరికి పంపాలి, మీకు ఎన్ని సెలవులు మిగిలాయి. ఇవి తెలిస్తే చాలు. పక్క సీటువారిని అడగవద్దు, నిబంధనల కాగితమే చదవండి.

2. డాక్టరును కలవండి

ఉత్తరం కంటే ముందే కలవాలి. ‘ఒత్తిడిగా ఉందండీ’ అంటే డాక్టరుకు ఏమీ తెలియదు. ‘మూడు వారాలుగా తెల్లవారుజామునే మెలకువ వస్తోంది, ఒకే ఈమెయిల్ నాలుగుసార్లు చదివినా బుర్రకెక్కడం లేదు, ఆఫీసు గేటు కనబడగానే గుండె దడ’ అని చెప్పండి. ఎప్పటినుంచి అన్నది ముఖ్యం. కుంగుబాటును నిర్ధారించడానికి లక్షణాలు కనీసం రెండు వారాలుగా, దాదాపు రోజూ ఉన్నాయా అని చూస్తారు.

సర్టిఫికెట్‌లో ‘బర్నౌట్’ (పని ఒత్తిడితో పూర్తిగా అలసిపోవడం) అని మాత్రమే రాయించుకోవద్దు. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ, ఐసీడీ-11, దాన్ని జబ్బుగా గుర్తించలేదు. ఉద్యోగానికి సంబంధించిన స్థితిగానే పేర్కొంది. ఆ ఒక్క మాట పట్టుకుని దరఖాస్తును వెనక్కి పంపే అవకాశం ఉంది. కుంగుబాటో ఆందోళనో ఉంటే డాక్టరు దాన్ని గుర్తించి రాస్తారు. జబ్బు పేరు అక్కర్లేదని నిబంధనలు చెబితే ‘ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు విధులకు హాజరయ్యే స్థితిలో లేరు’ అని రాస్తే సరిపోతుంది. కౌన్సెలర్ ఇచ్చిన ఉత్తరం చాలా చోట్ల చెల్లదు, డాక్టరు సంతకమే కావాలి.

ఎన్ని రోజులన్నది కూడా అక్కడే తేల్చుకోండి. కుంగుబాటు మందులు పనిచేయడం మొదలుపెట్టడానికే సాధారణంగా రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి రోజుల్లో వికారం, నిద్ర తేడాలు కూడా ఉండవచ్చు. అలాంటప్పుడు మూడు రోజుల సెలవు దేనికీ చాలదు.

3. ఉత్తరం రాయండి

ఇక్కడ తొందరపడవద్దు. ఉత్తరం ఇంతే ఉండాలి:

‘గౌరవనీయులైన మేనేజర్ గారికి, అనారోగ్యం కారణంగా ఈ నెల 5 నుంచి 18 వరకు విశ్రాంతి తీసుకోవాలని డాక్టరు చెప్పారు. ఆ రోజులకు అనారోగ్య సెలవు మంజూరు చేయగలరు. సర్టిఫికెట్ జతచేశాను. 16న మళ్లీ డాక్టరును కలుస్తాను. సెలవు పొడిగించాల్సి వస్తే ఆ రోజే తెలియజేస్తాను. నా పనుల వివరాలు విడిగా పంపుతున్నాను.’

మళ్లీ కలిసే తేదీ సెలవు ముగియడానికి రెండు రోజుల ముందు ఉండేలా చూసుకోండి. పొడిగింపు కోసం చివరి రోజు పరుగులు పెట్టే పని ఉండదు.

జ్వరమనో నడుంనొప్పనో రాయవద్దు. ‘అనారోగ్యం’ అన్న మాట పూర్తిగా నిజం. జ్వరం అబద్ధం. మూడో రోజున ఆ జ్వరం తగ్గాలి, లేదంటే ఇంకో అబద్ధం కావాలి. సర్టిఫికెట్‌లో ఒకటి, ఉత్తరంలో ఒకటి ఉంటే సెలవు విషయం కాస్తా క్రమశిక్షణ విషయమవుతుంది.

‘మీరు పెట్టిన ఒత్తిడి వల్లే’ అని కూడా రాయవద్దు. అది నిజమైనా సరే. సెలవుకు కావలసింది మంజూరు, ఫిర్యాదుకు కావలసింది విచారణ. రెండూ ఒకే కాగితంలో పెడితే విచారణ తేలేదాకా సెలవు నలుగుతుంది. జరిగినవి తేదీలతో రాసి పెట్టుకోండి, కోలుకున్నాక విడిగా ఇవ్వండి. రాజీనామా మాట అసలు ఎత్తవద్దు. కుంగుబాటులో ఉన్న మనిషికి అన్ని దారులూ మూసుకుపోయినట్టే కనిపిస్తాయి. ఆ చూపుతో ఉద్యోగం వదులుకోకూడదు.

‘క్షమించండి’ ఉంటే కొట్టేయండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం కుంగుబాటు, ఆందోళనల వల్ల ప్రపంచమంతటా ఏటా సుమారు 1,200 కోట్ల పనిదినాలు పోతున్నాయి. మీరు చేసిన తప్పేమీ లేదు.

ఈమెయిల్‌లోనే పంపండి, ఆఫీసు తెరిచే వేళకు ముందు. వాట్సాప్‌లో సెలవు అడగకూడదు. రాత్రి పూట రాసింది రాత్రే పంపకూడదు, పొద్దున మరోసారి చదివి పంపాలి.

ఆ తరవాత ఫోను వస్తుంది. ‘అయ్యో, ఏమైంది?’ అని చాలామంది నిజంగా ఆదుర్దాతోనే అడుగుతారు. ఆపుకున్న కన్నీళ్లకు గట్టు తెగేది ఆ ఒక్క ప్రశ్నకే. జవాబు ముందే గట్టిగా పైకి అనుకుని ఉంచుకోండి: ‘చికిత్సలో ఉన్నానండీ, విశ్రాంతి తీసుకోమన్నారు. వివరాలు ఈమెయిల్‌లో పంపాను.’ అంతే, అక్కడ ఆగండి. అవతల మౌనంగా ఉన్నా దాన్ని మాటలతో నింపవద్దు.

దాచడం వల్లే ఈ జబ్బులంటే చిన్నచూపు పోవడం లేదని వాదించేవారున్నారు. వాళ్ల ఆవేదన నాకు అర్థమవుతుంది. కానీ ఆ పోరాటం ఒంట్లో శక్తి లేని వారంలో చేయాల్సింది కాదు. మీ మేనేజర్ మీద నమ్మకం ఉంటే సెలవు మంజూరయ్యాక నోటితో చెప్పండి. రాసింది ఫైలులో ఉండిపోతుంది, ఆ కుర్చీలో మనుషులు మాత్రం మారుతుంటారు.

4. పని అప్పగించండి

ఒక పేజీ చాలు. ఏ పని ఎక్కడిదాకా వచ్చింది, గడువు ఎప్పుడు, ఫైళ్లు ఎక్కడున్నాయి. పాస్‌వర్డులు ఇవ్వవద్దు.

5. సెలవులో

ఫోనులోంచి ఆఫీసు ఈమెయిల్ తీసేయండి. ‘ఒక్కటే చూస్తాను’ అని మొదలుపెడితే సెలవు ఉన్నా లేనట్టే.

6. తిరిగి చేరడం

వారం మధ్యలో చేరండి, సోమవారం వద్దు. మొదటి రెండు వారాలు రోజుకు ఒక పూట పనికే అనుమతి అడగండి. డాక్టరు చేత రాయిస్తే ఒప్పించడం తేలిక. ఎవరైనా అడిగితే ‘ఒంట్లో బాగాలేదు, ఇప్పుడు నయం’ అని పనిలో పడండి. తేరుకున్నామని మందులు సొంతంగా ఆపేయవద్దు. కుంగుబాటు మందులను కోలుకున్న తరవాత కూడా సాధారణంగా ఆరు నెలలైనా వాడమంటారు. అందుకే తరవాతి అపాయింట్‌మెంటు తేదీ చేరకముందే తీసుకుని, ఆ పూటకు అనుమతి మొదటి రోజే అడిగి పెట్టుకోండి.