రైలు దిగి సామానుతో సిటీ బస్సు ఎక్కేవారికి

రైలు ప్రయాణంతో అలసి, చేతిలో బరువుతో, తెలియని ఊళ్లో స్టేషను బయట నిలబడినప్పుడు ముందుగా వచ్చిన బస్సు ఎక్కేద్దామనిపించడం సహజమే. సామానుతో ప్రయాణించేవారిని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఆ తొందరే. సామాను ఉన్నప్పుడు త్వరగా వచ్చే బస్సు కంటే, పెట్టె పెట్టుకోవడానికి చోటున్న బస్సు మేలు. మిగిలిన జాగ్రత్తలన్నీ ఈ ఒక్క మాటను అనుసరించే ఉంటాయి.

రైలు ఇంకా ఊరు చేరకముందే, స్టేషనుకు ఏ వైపు నుంచి బయటికి వెళ్లాలో తెలుసుకోవాలి. పెద్ద స్టేషన్లకు తరచుగా రెండు వైపులా ద్వారాలుంటాయి. ఒక వైపు ఆగే బస్సులు రెండో వైపు ఆగకపోవచ్చు. తప్పు వైపు బయటికి వస్తే బరువైన పెట్టెతో మళ్లీ వంతెన మెట్లు ఎక్కి దిగవలసి వస్తుంది కనుక, లిఫ్టు గానీ ర్యాంపు గానీ ఎక్కడుందో కూడా ముందే చూసుకోవడం మంచిది. బస్సు నంబరుతో పాటు అది చివరికి చేరే చోటు పేరు, మనం దిగవలసిన స్టాపు పేరు, దానికి ముందు వచ్చే స్టాపు పేరు ఒక కాగితం మీద రాసుకోవాలి. ఫోనులో మ్యాపు ఉన్నా, ఒక చేత్తో పెట్టె పట్టుకుని మరో చేత్తో ఫోను చూస్తూ నడవడం అంత క్షేమం కాదు. పైగా మ్యాపులో కనిపించే సమయం కొన్నిసార్లు టైంటేబుల్‌లోదే తప్ప, బస్సు నిజంగా వచ్చే సమయం కాకపోవచ్చు.

ప్లాట్‌ఫాం మీదే ఒక పక్కకు జరిగి, శాల్తీలు తగ్గించుకోవాలి. ఒక మనిషికి వీపున ఒక సంచి, చేతిలో ఒక పెట్టె మించకుండా ఉంటే రెండో చెయ్యి కడ్డీ పట్టుకోవడానికి మిగులుతుంది. మంచినీళ్ల సీసా, తిండి పొట్లం, శాలువా విడివిడిగా వేలాడుతుంటే ఏదో ఒకటి జారిపోవడం ఖాయం. వాటన్నిటినీ ఒకే సంచిలో వేయాలి. వేలాడే పట్టీలను లోపలికి దోపుకోవాలి, ఎందుకంటే అవి తలుపులో చిక్కుకునే ప్రమాదం ఉంది. టికెట్టు డబ్బులు చిల్లరతో సహా సులభంగా అందే జేబులో ఉంచుకోవాలి.

స్టాపు దగ్గర గుర్తుంచుకోవలసిన ముఖ్య విషయం, ఒకే నంబరు బస్సు రెండు దిక్కులకూ తిరుగుతుందన్నది. నేను ఒకసారి నంబరు మాత్రమే చూసి ఎక్కి, రెండు పెట్టెలతో ఊరికి అటు చివర దిగవలసి వచ్చింది. అప్పటి నుంచి ఎక్కే ముందు దిగవలసిన చోటు పేరు చెప్పి, కండక్టరునో డ్రైవరునో తప్పకుండా అడుగుతున్నాను. అదే సమయంలో పెట్టెను అనుమతిస్తారా, దానికి వేరే టికెట్టు తీసుకోవాలా అన్నది కూడా అడగాలి. ఈ నియమాలు ఊరూరికీ మారతాయి. బస్సు బయలుదేరే మొదటి స్టాపు దగ్గరలోనే ఉంటే, కాస్త నడవవలసి వచ్చినా అక్కడికే వెళ్లడం మంచిది, ఖాళీ బస్సులో చోటు ఎంచుకునే వీలుంటుంది. ఆఫీసు వేళల్లో రైలు దిగితే, స్టేషనులోనే కొంతసేపు కూర్చుని రద్దీ తగ్గాక బయలుదేరడంలో తప్పేమీ లేదు.

లో ఫ్లోర్ బస్సులో నేల రోడ్డుకు సుమారు 40 సెంటీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది గనుక పెట్టెను ఒక్కసారి ఎత్తితే సరిపోతుంది. మెట్లున్న పాత తరహా బస్సులో ఆ ఎత్తు దాదాపు రెట్టింపు లేదా ఇంకా ఎక్కువ. అటువంటి బస్సు ఎక్కేటప్పుడు పెట్టె పొడవాటి హ్యాండిల్‌ను లోపలికి నొక్కేసి, పక్కనున్న పిడి పట్టుకుని ఎత్తాలి. పొడవాటి హ్యాండిల్‌తో ఎత్తితే పెట్టె ఊగి వెనకవాళ్లకు తగులుతుంది. ఇద్దరుంటే ఒకరు ముందు ఎక్కి పైనుంచి అందుకోవాలి, రెండోవారు సామానంతా ఎక్కించాకే ఎక్కాలి.

లోపలికి వెళ్లాక పెట్టెను ఎలా నిలబెట్టామన్నది అన్నిటికంటే ముఖ్యం. బస్సు ముందుకు పోతూ హఠాత్తుగా బ్రేకు వేస్తే, చక్రాల మీదున్న పెట్టె అదే వేగంతో ముందుకు దొర్లుతుంది. నాలుగు చక్రాల పెట్టె అన్ని దిక్కులకూ తిరుగుతుంది కాబట్టి దాన్ని చక్రాలు నేలకు తగలకుండా పక్కకు పడుకోబెట్టాలి. రెండు చక్రాల పెట్టె అయితే, చక్రాలు బస్సు పోయే దిశకు అడ్డంగా ఉండేలా తిప్పి నిలబెడితే బ్రేకు వేసినప్పుడు దొర్లదు. బస్సు మలుపు తిరిగేటప్పుడు మాత్రం పక్కకు జారవచ్చు గనుక మోకాళ్లతో ఆనించి పట్టుకోవాలి. తలుపుల దగ్గర, నడిచే దారిలో సామాను పెట్టకూడదు. రెండు భాగాలను కలిపి చేసిన, 18 మీటర్ల పొడవుండే జంట బస్సుల్లో, మధ్యనున్న అతుకు దగ్గర నేల మలుపుల్లో తిరుగుతుంది, అక్కడ కూడా వద్దు. చక్రాల కుర్చీకి కేటాయించిన చోటు ఖాళీగా ఉంటే, నియమాలు ఒప్పుకుంటే, పెట్టుకోవచ్చు. ఆ చోటు అవసరమైనవారు రాగానే, వారు అడగకముందే ఖాళీ చేయాలి. వీపు సంచిని తీసి ఒళ్లోనో కాళ్ల దగ్గరో ఉంచుకుంటే, మనం తిరిగినప్పుడల్లా అది పక్కవారి ముఖానికి తగలదు.

దిగవలసిన స్టాపుకు ముందు స్టాపు దాటగానే గంట నొక్కి లేదా కండక్టరుకు వినబడేలా చెప్పి, పెట్టెతో తలుపు వైపు జరగాలి. బస్సు పూర్తిగా ఆగేవరకు పెట్టెను ఎత్తవద్దు. ఇద్దరుంటే ఈసారి ఒకరు ముందు దిగి కిందనుంచి అందుకోవాలి. ఒంటరిగా ఉంటే, సామాను దించుకుంటున్నానని డ్రైవరుకు గట్టిగా చెప్పి, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని పెట్టెను నేలకు ఆనించాకే కాలు కింద పెట్టాలి. కిందికి దిగాక బస్సుకు దూరంగా రెండడుగులు జరిగి, అది కదలకముందే శాల్తీలు లెక్కపెట్టుకోవాలి.