మైక్రోకంట్రోలర్‌కు తగిన సాఫ్ట్‌వేర్ టూల్స్ ఎలా వెతుక్కోవాలి?

బోర్డు కొనేశాక టూల్స్ కోసం వెతుకుతారు చాలామంది. అది తలకిందుల పని. కంపైలర్ (కోడ్‌ని చిప్ భాషలోకి మార్చేది), ప్రోగ్రామర్ (దాన్ని చిప్‌లోకి ఎక్కించే పరికరం), డీబగ్గర్ (తప్పులు వెతికేది) మూడూ దొరుకుతాయని తేలాకే చిప్ కొనండి.

1. చిప్ పూర్తి నంబరు రాసుకోండి. ఏటీమెగా328పీ అయితే ఏవీఆర్ కోర్ (చిప్‌లోని ప్రాసెసర్ రకం). ఏటీ89ఎస్52 అయితే 8051 కుటుంబం. ఎస్‌టీఎం32ఎఫ్103సీ8టీ6 అయితే ఆర్మ్ కార్టెక్స్-ఎం3, 64 కేబీ ఫ్లాష్, 20 కేబీ ర్యామ్. ఏ కంపైలర్ కావాలో చెప్పేది ఈ కోరే.

2. కంపైలర్ పరిమితులు చూడండి. ఆర్మ్‌కూ ఏవీఆర్‌కూ జీసీసీ కంపైలర్ ఉంది. ఉచితం, కోడ్ సైజుకు హద్దు లేదు. 8051కి మన ఇంజినీరింగ్ ల్యాబుల్లో అలవాటైన కైల్ కంపైలర్ ఉంది కానీ, దాని ఎవాల్యుయేషన్ వెర్షన్ 2 కేబీ దగ్గర ఆగిపోతుంది. చిప్‌లో 8 కేబీ ఉన్నా లాభం లేదు. అప్పుడు ఉచిత కంపైలర్ ఎస్‌డీసీసీకి మారండి. కైల్ కోడ్ యథాతథంగా కంపైల్ కాదు: ఎస్‌బిట్ (ఒక్కో పిన్‌కు పేరు పెట్టే పదం), ఇంటరప్ట్ రాసే తీరు వేరు.

3. ప్రోగ్రామర్ ఎంచుకోండి. అసలు తలనొప్పి ఇక్కడే. ఏవీఆర్‌కు యూఎస్‌బీఏఎస్‌పీ పరికరం, ఏవీఆర్‌డ్యూడ్ సాఫ్ట్‌వేర్ చాలు. విండోస్ ఆ పరికరాన్ని గుర్తించకపోతే జాడిగ్ అనే టూల్‌తో డ్రైవర్ వేయాలి. లినక్స్‌లో పర్మిషన్ ఎర్రర్ వస్తే యూడెవ్ రూల్ (పరికరం వాడే అనుమతి ఇచ్చే సెట్టింగ్) రాయాలి. కొత్త ఏటీమెగా328పీ 1 మెగాహెర్ట్జ్‌తో నడుస్తుంది. ప్రోగ్రామర్ క్లాక్ అందులో నాలుగో వంతుకు లోపే ఉండాలి, లేకపోతే చిప్ పలకదు. అందుకే ఏవీఆర్‌డ్యూడ్‌లో ఆ క్లాక్‌ని (బిట్ క్లాక్) నెమ్మదిగా పెట్టండి.

ఎస్‌టీఎం32కి ఎస్‌టీ-లింక్ వీ2 ప్రోగ్రామర్ తీసుకోండి. తీగలు నాలుగే: ఎస్‌డబ్ల్యూడీఐఓ (డేటా), ఎస్‌డబ్ల్యూసీఎల్‌కే (క్లాక్), గ్రౌండ్, 3.3 వోల్టులు. డీబగ్గింగ్ కూడా దీంతోనే, ఓపెన్‌ఓసీడీ (చిప్‌తో మాట్లాడే సాఫ్ట్‌వేర్), జీడీబీ (డీబగ్గర్) కలిపి. చవక బోర్డుల మీద క్లోన్ (నకలు) చిప్‌లు ఎక్కువ. ఓపెన్‌ఓసీడీ 1తో మొదలయ్యే చిప్ ఐడీ కోసం చూస్తుంటే కొన్ని క్లోన్లు 2తో మొదలయ్యేది చెబుతాయి. టార్గెట్ ఫైల్లో ఐడీ మారిస్తే అవి నడవొచ్చు. ఎస్‌టీ కంపెనీ సొంత సాఫ్ట్‌వేర్ ఎస్‌టీఎం32క్యూబ్‌ఐడీఈ మాత్రం అసలు చిప్ కాదని కనెక్షన్ తెంచేస్తుంది.

4. ఐడీఈ (కోడ్ రాయడం, కంపైల్ చేయడం ఒకేచోట జరిగే సాఫ్ట్‌వేర్) చివర్లో చూసుకోండి. అది లేకపోయినా పని నడుస్తుంది.

5. ముందుగా ఎల్ఈడీ వెలిగించండి. ఒక సెకను ఆలస్యం పెడితే నిజంగా సెకనే పట్టాలి. 16 సెకన్లు పట్టిందా? కోడ్‌లో 16 మెగాహెర్ట్జ్ అని రాసి, ఏటీమెగా చిప్‌ని 1 మెగాహెర్ట్జ్‌తోనే నడుపుతున్నారన్నమాట, ఫ్యూజులు (చిప్‌లో క్లాక్ లాంటివి నిర్ణయించే సెట్టింగ్‌లు) సరిచేయండి. బయట క్రిస్టల్ (క్లాక్ ఇచ్చే భాగం) లేకుండా మాత్రం క్రిస్టల్ ఫ్యూజు ఎంచుకోవద్దు, బయటి క్లాక్ ఇచ్చేదాకా చిప్ ప్రోగ్రామర్‌కు అందదు. ఎస్‌టీఎం32 బోర్డులో ప్రోగ్రామ్ ఎక్కినా ఎల్ఈడీ వెలగకపోతే బూట్0 జంపర్ చూడండి: అది 1 మీద ఉంటే మీ కోడ్ బదులు చిప్‌లోని బూట్‌లోడర్ (కోడ్ ఎక్కించుకునేందుకు ముందే ఉన్న ప్రోగ్రామ్) నడుస్తుంది. జంపర్ 0కి మార్చి రీసెట్ నొక్కండి.