పాత హైబ్రిడ్ కారుని ఇంటికాడనే మళ్లీ నడిపించుడు ఎట్ల? అగ్గువ పని నుంచి మొదలుపెట్టండి

హైబ్రిడ్ అంటే పెట్రోల్ ఇంజిన్‌తోని పాటు కరెంట్ మోటార్ కూడా ఉన్న బండి. సెకండ్‌హ్యాండ్‌ల క్యామ్రీ హైబ్రిడ్, సివిక్ హైబ్రిడ్, ఎప్పుడో ఒక ప్రియస్ అగ్గువకు వస్తుందంటే కారణం చానా సార్లు ఒకటే ఉంటది, "పెద్ద బ్యాటరీ పోయిందంట" అని ఎవరో అన్నరు, ఓనర్ భయపడి కవర్ కప్పి మూలకు పెట్టిండు. కానీ గట్ల మూలకు పడ్డ బండ్లల్ల కొన్నిటికి రోగం చిన్నదే ఉంటది. అందుకే అన్నిటికంటే తక్కువ ఖర్చయ్యే దాన్ని ముందు చూడాలె, అది కాదని తేలినంకనే తర్వాత దానికి పోవాలె. మారుతి సియాజ్, ఎర్టిగా ఎస్‌హెచ్‌వీఎస్ (చిన్న రకం హైబ్రిడ్) బండ్ల సంగతి వేరు, వాటిల్ల ఇంత హై వోల్టేజ్ ప్యాక్ (మోటార్‌ని నడిపే పెద్ద బ్యాటరీ) ఉండదు.

కొనేటోళ్లయితే ముందుగల ఆర్‌సీ చూడండి. సివిక్ హైబ్రిడ్ మన దేశానికి వచ్చింది 2008ల, ప్రియస్ 2010ల, క్యామ్రీ హైబ్రిడ్ 2013ల. 15 ఏండ్లు నిండితే ఫిట్‌నెస్ చేయించి ఆర్‌సీ రెన్యువల్ తీసుకోవాలె, ఏపీ 36 (పాత వరంగల్ రిజిస్ట్రేషన్) నంబర్ ఉన్న బండి అయితే ఇది ఇంకా జాగ్రత్తగా చూస్కోండి, కాయిదాలు సాఫ్ లేని బండి మీద ఎంత కష్టపడ్డా రోడ్డెక్కదు.

మొదట 12 వోల్టుల బ్యాటరీ. టయోటా హైబ్రిడ్లకు మామూలు సెల్ఫ్ మోటార్ ఉండదు, ఇంజిన్‌ని తిప్పేది హైబ్రిడ్ మోటారే, కానీ ఆ సిస్టంని లేపే కంప్యూటర్లు నడిచేది మాత్రం డిక్కీలున్న చిన్న బ్యాటరీ మీద. అది దిగిపోతే బండి కదలనీకి తయారుగుందని చెప్పే రెడీ లైట్ రాదు, డ్యాష్‌బోర్డ్ మీద సంబంధం లేని లైట్లన్నీ వెలుగుతయి, చూసినోళ్లు పెద్ద బ్యాటరీయే పోయిందనుకుంటరు. రాత్రి బండి ఆపి పొద్దుగాల మల్టీమీటర్ పెట్టండి, 12.4 వోల్టుల పైన ఉంటే ఫికర్ లేదు, 12 కంటే కిందికి దిగితే ఛార్జింగ్ పెట్టండి, అయినా నిలబడకపోతే మార్చండి. రెడీలకు వచ్చినంక అదే టెర్మినల్స్ మీద 14 దగ్గర చూపియ్యాలె. మార్చేటప్పుడు మాత్రం దుకాణంల ఏది ఇస్తే అది పెట్టించుకోకండి, డిక్కీల ఉండే బ్యాటరీ కాబట్టి గ్యాస్ బయటికి పోయే పైపు ఉన్న ఏజీఎం రకమే (యాసిడ్ ఒలకకుండ మూసి ఉండేది) కావాలె. జంప్ కేబుల్ పెడితే ప్లస్, మైనస్ రెండుసార్లు చూస్కోండి, ఉల్టా పడితే ఫ్యూజ్‌తోని ఆగకపోవచ్చు, ఇన్వర్టర్ (పెద్ద బ్యాటరీ కరెంట్‌ని మోటార్‌కు పనికొచ్చేటట్టు మార్చే డబ్బా) దాకా పోవచ్చు.

తర్వాత ఒక బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్ల ఉన్న తప్పుల కోడ్లు చదివేది) కొనండి. ఫోన్‌ల హైబ్రిడ్ అసిస్టెంట్, డాక్టర్ ప్రియస్ లాంటి యాప్ వేస్కుంటే పెద్ద బ్యాటరీల ఒక్కో భాగానికి, అంటే బ్లాక్ బ్లాక్‌కి ఎంత వోల్టేజ్ ఉందో కనబడ్తది. పీ0ఏ80 అని కోడ్ వస్తే బ్లాకుల మధ్య తేడా ఎక్కువైందని అర్థం, దాన్ని చూసి ప్యాక్ మొత్తం మార్చాలె అని చెప్తరు గానీ తుప్పు పట్టిన కనెక్షన్‌తోని కూడా గదే కోడ్ రావచ్చు. పీ0ఏ93 వస్తే అది బ్యాటరీది కాదు, ఇన్వర్టర్ కూలింగ్‌ది. బండి రెడీల పెట్టి ఇన్వర్టర్ కూలెంట్ డబ్బా మూత తీసి చూడండి, నీళ్లు కదులుతుంటే పంపు పని చేస్తున్నట్టు, కదలకపోతే పంపు మార్చుడు ప్యాక్ ఖర్చుతోని పోలిస్తే చిన్న పని.

ఇగ ఫ్యాన్. మన దిక్కు బండ్లకు నా లెక్కల అన్నిటికంటే పెద్ద శత్రువు ఇదే, అందుకే దీని మీద ఎక్కువ చెప్తున్న. పెద్ద బ్యాటరీని చల్లబరిచేది కారు లోపలి గాలి, వెనక సీటు దగ్గర జాలీ నుంచి ఫ్యాన్ గాలి గుంజి మాడ్యూల్స్ (పెద్ద బ్యాటరీ లోపల ఉండే చిన్న బ్యాటరీలు) మధ్యల నుంచి పంపిస్తది. కరీంనగర్ గ్రానైట్ లారీల ఎంబడి తిరిగిన బండి అయినా, పత్తి సీజన్ల ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల తిరిగిన బండి అయినా ఆ ఫ్యాన్ రెక్కల మీద దుమ్ము, దూది కలిసి నమ్‌దా లెక్క పేరుకుంటది, గాలి పోదు, మే నెలల బయట 44 డిగ్రీలున్నప్పుడు నడుమల ఉన్న మాడ్యూల్స్ ముందుగాల ఉడుకుతయి. వెనక సీటు సైడ్ ప్యానెల్ ఇప్పి, ఫ్యాన్ బయటికి తీసి మెత్తటి బ్రష్‌తోని ఒక్కొక్క రెక్క తుడవండి, మోటార్ మీద నీళ్లు పడొద్దు. గాలి పోయే డక్ట్ కూడా సాఫ్ చేయండి. ఆ జాలీకి అడ్డంగా బ్యాగులు, దిండ్లు పెట్టకండి, ఎండల నిలబెట్టిన బండి ఎక్కంగనే అద్దాలు దించి వేడి పోనిచ్చి ఏసీ వేసినంక కదలండి. ఈ ఒక్క పనితోనే బ్యాటరీ వేడి దిగిన తేడా స్కానర్ల కనబడ్తది.

ఇవన్నీ చూసినా కోడ్ మళ్లీ మళ్లీ వస్తుంటేనే ప్యాక్ ఇప్పాలె. ఇక్కడ జర ఆగి చదవండి. ప్రియస్ ప్యాక్ 201.6 వోల్టులు, క్యామ్రీది 244.8, డీసీ కరెంట్, ప్రాణం తీస్తది. తాళం దూరంగ పెట్టండి, 12 వోల్టుల మైనస్ తీయండి, 1000 వోల్టుల రేటింగ్ ఉన్న రబ్బర్ గ్లవ్స్ గాలి ఊది చిల్లు లేదని చూసి వేస్కొని ఆరెంజ్ రంగు సర్వీస్ ప్లగ్ గుంజండి, దాన్ని జేబుల పెట్టుకోండి, 10 నిమిషాలు ఆగినంక ప్యాక్ నుంచి బయటికి పోయే కనెక్షన్ మీద మీటర్‌తోని సున్నా ఉందో చూసి మొదలుపెట్టండి. ప్లగ్ తీసినా ప్యాక్ లోపల కరెంట్ ఉంటనే ఉంటది, ప్లగ్ దాన్ని రెండు ముక్కలు చేస్తది అంతే. ఉంగరం, కడియం, మెడల చైన్ తీసేయండి, పానాకు ఇన్సులేషన్ టేప్ చుట్టండి, పక్కన ఇంకో మనిషి లేకుంటే అసలు ముట్టకండి.

లోపల ప్రియస్‌ల 28 మాడ్యూల్స్ ఉంటయి, క్యామ్రీల 34, ఒక్కోటి 7.2 వోల్టులు, అంటే 1.2 వోల్టుల సెల్స్ ఆరు. ఇప్పకముందే ఫోటోలు తీయండి, మార్కర్‌తోని నంబర్లు వేయండి, ప్లస్ మైనస్ ఒకటి విడిచి ఒకటి తిరుగుతయి కాబట్టి ఇది మర్చిపోతే కట్టేటప్పుడు ఆగం అయితరు. రాగి పట్టీలు పచ్చగ చిలుము పట్టి ఉంటే చింతపండు, ఉప్పుతోని తోమి, మంచిగ కడిగి, పూర్తిగ ఆరబెట్టండి, పైన తెల్ల కోటింగ్ ఉన్న పట్టీలను మాత్రం గీకకండి. కొన్ని బండ్లకు వైద్యం ఇక్కడికే అయిపోతది.

మాడ్యూల్ టెస్ట్ తేలికే. ఒక్కోదానికి మీటర్ పెట్టండి, మిగిలినవన్నీ 7.8 దగ్గర ఉండి ఒకటే 6.6 చూపెడ్తే దాంట్ల ఒక సెల్ చచ్చిపోయినట్టు. అన్నీ ఒక్కలెక్కనే కనబడితే 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు 2 నిమిషాలు పెట్టి వోల్టేజ్ ఎంత పడిందో రాసుకోండి, అన్నిటికంటే ఎక్కువ పడ్డదే బలహీనమైంది. బయట ఛార్జ్ చేస్తే రెండు పక్కల గట్టి పలకలు పెట్టి బిగించే చేయాలె, లేకుంటే ఉబ్బుతయి, దగ్గర మనిషి లేకుండ ఛార్జింగ్ పెట్టొద్దు. ఒకటి రెండు పోతే అదే వయసు, అదే కెపాసిటీ ఉన్న పాత మాడ్యూల్ వేయండి. పాతవాటి మధ్యల కొత్తది వేస్తే తేడా అట్లనే ఉంటది, కోడ్ మళ్లీ వస్తది. నాలుగైదు పోయినయంటే మాత్రం ప్యాక్ మొత్తం మార్చుడే నయం, లేకపోతే ఎప్పుడూ సీటు ఊడదీసుడే పని అయితది.

కట్టేటప్పుడు నట్లకు టార్క్ పానా వాడండి, ప్రియస్‌కి 5.4 న్యూటన్ మీటర్లే, చేతి బలంతోని బిగిస్తే టెర్మినల్ విరుగుతది. అంతా అయినంక హన్మకొండ నుంచి ములుగు దాకా ఒకసారి పోయి రండి, పక్కన కూసున్నోళ్లతోని బ్లాక్ వోల్టేజ్‌లు చూపిచ్చుకోండి, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఏ బ్లాక్ ఒంటరిగ కిందికి పోకుండ ఉండాలె. కాజీపేట ట్రాఫిక్‌ల ఆగినప్పుడు గేర్ ఎన్‌ల (న్యూట్రల్) పెట్టకండి, ఎన్‌ల ఉంటే పెద్ద బ్యాటరీ ఛార్జ్ కాదు. రోజూ నడపకపోయినా రెండు మూడు నెలలకు ఒకసారన్న అర్ధగంట నడపండి. తీసేసిన మాడ్యూల్స్‌ని చెత్తల పడేయకండి, టెర్మినల్స్‌కి టేప్ చుట్టి పిల్లలకు అందకుండ పెట్టి బ్యాటరీ రీసైక్లింగ్ చేసేటోళ్లకు ఇయ్యండి.