మొండి మెడనొప్పికి ఏ ఫిజియోథెరపీ? మీ మెడ మీదే తేల్చుకునే పద్ధతి

మెడనొప్పి మూడు నెలలు దాటితే దాన్ని దీర్ఘకాలిక నొప్పిగా లెక్కేస్తారు. అప్పుడు ఫిజియోథెరపీకి వెళ్తే ఒకరు కాపడం పెట్టి కరెంటు ప్యాడ్లు అంటిస్తారు, ఇంకొకరు మెడను బరువుతో లాగే ట్రాక్షన్ వేస్తారు, మరొకరు చేత్తో పూసలు కదిలిస్తారు, నాలుగో ఆయన వ్యాయామాల కాగితం ఇచ్చి పంపిస్తారు. ఇవన్నీ ఒకే పని చెయ్యవు. కొన్ని నొప్పిని కాసేపు తగ్గించి దారి ఇస్తాయి, కొన్ని మెడకు బలం పోస్తాయి. ఈ తేడా తెలియకే చాలామంది నెలల తరబడి మెషిన్ల కింద పడుకుని, ఫిజియోథెరపీ పనిచెయ్యదని తేల్చేసుకుంటారు.

ముందు డాక్టరు చూడాల్సినవి

చొక్కా గుండీలు పెట్టుకోవడానికి వేళ్లు సహకరించకపోవడం, నడకలో తూలడం, మూత్రం మీద అదుపు తప్పడం వెన్నుపాము నలుగుతోందనడానికి గుర్తులు కావచ్చు. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఏ భంగిమలో పడుకున్నా తగ్గని రాత్రి నొప్పి, గతంలో క్యాన్సర్, పడిపోయాకో ప్రమాదం తర్వాతో మొదలైన నొప్పి, వీటిలో ఏది ఉన్నా ఫిజియో దగ్గరికి వెళ్లే ముందే పరీక్షలు కావాలి. హఠాత్తుగా మునుపెన్నడూ లేనంత నొప్పి వచ్చి, చూపు రెండుగా కనిపించినా, మాట తడబడినా, మింగడం కష్టమైనా అత్యవసర విభాగానికే వెళ్లాలి. రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్నవారిలో పై రెండు పూసల మధ్య పట్టు సడలి ఉండొచ్చు. దాన్ని పరీక్షించకుండా మెడను లాగడానికీ, విరవడానికీ ఎవరినీ ఒప్పుకోకండి.

మీ నొప్పి ఏ రకం?

మెడ ఒక పక్కకు తిరగకుండా పట్టేసినట్టుండి, కదలిక చివర్లోనే నొప్పి వస్తుంటే అది బిగుసుకున్న మెడ. మెడ నుంచి పుర్రె వెనక్కి, కంటి వైపు పాకే తలనొప్పి ఇంకో రకం. వాహన ప్రమాదంలో తల విసురుగా ఊగిన తర్వాత నిలిచిపోయేది మూడోది. నాలుగోది చేతిలోకి దిగే నరం నొప్పి. తిమ్మిరి బొటనవేలి వైపు ఉంటే సాధారణంగా మెడ నుంచి వచ్చే నరాల్లో ఆరోది, నడిమి వేలికి ఏడోది, చిటికెన వేలికి ఎనిమిదోది. నొప్పి ఉన్న చేతిని నెత్తి మీద పెట్టుకుంటే హాయిగా అనిపించడం నరం మీద ఒత్తిడికి మంచి ఆధారం. ట్రాక్షన్ గురించి ఆలోచించాల్సింది ముఖ్యంగా ఈ నాలుగో రకం వాళ్లే.

కొలతలు లేకుండా పోలిక లేదు

మెడనొప్పి సహజంగానే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. జనం చికిత్సకు వెళ్లేది నొప్పి బాగా ముదిరిన రోజున. ఆ మర్నాడు ఏం చేసినా, చెయ్యకపోయినా కొంత తగ్గుతుంది. ఆ ఘనత అప్పుడు వాడిన మెషిన్‌కి పోతుంది. అందుకే ఏదైనా మొదలుపెట్టే ముందు ఏడు రోజులు వరసగా రాసుకోండి.

రాత్రి పడుకోబోయే ముందు, ఆ రోజు నొప్పి సగటున ఎంత ఉందో 0 నుంచి 10లో ఒక అంకె. వారం సగటులో కనీసం 2 పాయింట్ల తేడా వస్తేనే దాన్ని మార్పుగా తీసుకోవాలి. దాంతోపాటు మీకు నిజంగా అవసరమైన పని ఒకటి, ఉదాహరణకు కంప్యూటర్ ముందు నొప్పి పెరగకుండా ఎన్ని నిమిషాలు కూర్చోగలుగుతున్నారు. మూడోది తలను పక్కకు ఎంతవరకు తిప్పగలరనేది. కుర్చీలో వీపు ఆనించి కూర్చుని, భుజాలు కదలకుండా తల తిప్పి, గడ్డం కొన నుంచి భుజం కొనకు ఉన్న దూరాన్ని టేపుతో ఇంకొకరు కొలవాలి. రెండు వైపులా, రోజూ ఒకే వేళకు.

నాలుగోది మెడ ముందు కండరాల ఓర్పు. వెల్లకిలా పడుకుని, గడ్డం లోపలికి లాక్కుని, తల నేల మీద నుంచి సుమారు 2.5 సెంటీమీటర్లు లేపి ఉంచాలి. గడ్డం కింద చర్మం ముడత పడుతుంది. ఆ ముడత విడిపోయినా, తల కిందికి జారినా గడియారం ఆపెయ్యాలి. నొప్పి లేనివాళ్లు సగటున 30 నుంచి 40 సెకన్లు ఆగుతారు. మొండి మెడనొప్పి ఉన్నవాళ్లలో చాలామంది అంతసేపు ఉండలేరు. చేతిలోకి నొప్పి దిగుతున్నవాళ్లు ఈ పరీక్ష మానేయొచ్చు.

మెషిన్లు, కాపడం

తడి వేడి ప్యాక్ 15 నుంచి 20 నిమిషాలు పెడితే కండరం సడలుతుంది. వ్యాయామానికి ముందు వాడుకుంటే ఉపయోగం. టెన్స్, ఐఎఫ్‌టీ లాంటి కరెంటు చికిత్సల ఉపశమనం ఎక్కువగా పెట్టినంతసేపు, ఆ తర్వాత కాసేపు. మొండి మెడనొప్పికి ధ్వని తరంగాలతో చేసే అల్ట్రాసౌండ్ చికిత్స మేలు చేస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. వ్యాయామానికి కేటాయించాల్సిన సమయాన్ని దానికి ఇవ్వకండి. తక్కువ శక్తి లేజర్‌కు కొంత ఆధారం ఉంది గాని, మోతాదు సరిగ్గా లేకపోతే ఫలితం ఉండదు. కాలర్ రోజంతా పెట్టుకుంటే కండరాలు పని మానేసి ఇంకా బలహీనపడతాయి.

చేత్తో చేసే చికిత్స

పూసల కీళ్లను మెల్లగా ఊపుతూ కదిలించేది మొబిలైజేషన్, ఒక్కసారిగా చిటుక్కుమనిపించేది మానిప్యులేషన్. బిగుసుకున్న మెడకు రెండూ పనికొస్తాయి. మెడను విరిచేటప్పుడు రక్తనాళం చిరగడమనే ప్రమాదం అరుదైనదే అయినా తీవ్రమైనది. అందుకే ముందు మొబిలైజేషన్, లేదా మెడ కింద వీపు పూసల మీద చేసే మానిప్యులేషన్ అడగడం మంచిది. వీపు మీద చేసినా మెడ కదలిక మెరుగుపడుతుంది.

దీని ఫలితాన్ని అక్కడికక్కడే చూడొచ్చు. బల్ల ఎక్కే ముందు, దిగాక టేపు కొలత తీసుకోండి. మూడు సార్లు వెళ్లినా బల్ల దిగిన వెంటనే కొలతలో తేడా రాకపోతే నాలుగోసారికి వస్తుందని ఆశ పెట్టుకోనక్కర్లేదు. తేడా వచ్చినా అది కొన్ని గంటలకో, ఒకటి రెండు రోజులకో తగ్గిపోతుంది. ఆ లోపు వ్యాయామం చెయ్యకపోతే వచ్చిన కదలిక కాస్తా పోయినట్టే.

ట్రాక్షన్

కూర్చోబెట్టి లాగితే మొదటి నాలుగైదు కిలోలు తల బరువుకే సరిపోతాయి. పడుకోబెట్టి, మెడ 15 నుంచి 20 డిగ్రీలు ముందుకు వంచి, పుర్రె వెనక భాగం పట్టుకుని లాగే అమరిక మెరుగు. గడ్డం కింద పట్టీ బిగించి లాగితే దవడ కీలు నొప్పెడుతుంది. 4 లేదా 5 కిలోలతో మొదలుపెట్టి, సుమారు 30 సెకన్లు లాగి, 10 సెకన్లు వదులుతూ 15 నిమిషాలు చేస్తారు.

గమనించాల్సింది నొప్పి ఎంత తగ్గిందనేది కాదు, ఎక్కడుందనేది. వేళ్లలోని తిమ్మిరి మోచేతికి, అక్కడి నుంచి భుజానికి వెనక్కి వస్తుంటే మెడలో నొప్పి కాస్త పెరిగినా మంచి సూచనే. తిమ్మిరి ఇంకా కిందికి పాకితే ఆపెయ్యాలి. చేతిలోకి దిగని నొప్పికి ట్రాక్షన్ వల్ల ఒరిగేది తక్కువ.

వ్యాయామం

రెండు రకాలు కావాలి, మొదటిది మెడ లోపలి కండరాలకు. మోకాళ్లు మడిచి వెల్లకిలా పడుకోండి. ముఖం నేలకు సమాంతరంగా ఉండేలా తల కింద మడిచిన టవల్ పెట్టుకోండి. ఎవరో చెప్పే మాటకు "ఊఁ" కొడుతున్నట్టు తల ఆడించండి, అంతే. తల లేవకూడదు, వెనక భాగం టవల్ మీద పైకి జారాలి. రెండు వేళ్లు గొంతుకు చెరోపక్క ఆనించి చూడండి. అక్కడి తాడులాంటి కండరం మెత్తగానే ఉండాలి. గట్టిపడి పైకి తేలితే ఎక్కువ బలం పెడుతున్నట్టు, సగానికి తగ్గించండి. పళ్లు బిగించకుండా, ఊపిరి ఆపకుండా 10 సెకన్లు, 10 సార్లు, రోజూ. మెడ కింద పెట్టి ఒత్తిడి కొలిచే ప్రెషర్ గేజ్ ఉంటే 20 మిల్లీమీటర్ల పాదరసం ఒత్తిడి దగ్గర మొదలై 22, 24 అంటూ 30 వరకు మెల్లగా పోవాలి. పదోసారికి వణుకు వస్తే ఆ మెట్టు మీద ఇంకో వారం ఉండండి.

రెండోది భుజాలకు, భుజపు రెక్కలకు బరువులు. భుజాలు చెవుల వైపు ఎగరేయడం, చేతులు పక్కలకు ఎత్తడం, ముందుకు వంగి చేతులు వెనక్కి విప్పడం, బ్యాండ్‌ను పొట్ట వైపు లాక్కోవడం. వారానికి మూడు రోజులు, ఒక్కొక్కటి రెండు మూడు సెట్లు. 12 నుంచి 15 సార్లు ఎత్తగలిగి, చివరి రెండు కష్టమయ్యే బరువు ఎంచుకోండి. ఫిన్లాండ్‌లో 180 మంది ఆఫీసు ఉద్యోగినులను ఏడాదిపాటు పరిశీలించి 2003లో ప్రచురించిన అధ్యయనంలో, సాగదీతలు, ఏరోబిక్స్ మాత్రమే సూచించిన వారికంటే బలం, ఓర్పు పెంచే శిక్షణ పొందినవారికి నొప్పి చాలా ఎక్కువగా తగ్గింది.

ఇక్కడ జరిగే పొరపాటు ఒక్కటే, రెండో వారానికే మానేయడం. కండరం బలపడడానికి కనీసం 6 నుంచి 8 వారాలు పడుతుంది. చేసేటప్పుడు నొప్పి 10లో 3 వరకు ఉండొచ్చు, మర్నాడు ఉదయానికి మామూలు స్థాయికి రావాలి. రాకపోతే బరువు మూడో వంతు తగ్గించండి, మానకండి.

పోల్చే క్రమం

మొదటి వారం కొలతలు మాత్రమే. రెండో వారం "ఊఁ" వ్యాయామం ఒక్కటే. మూడో వారం నుంచి మీ రకానికి సరిపడే చేతి చికిత్సనో, ట్రాక్షన్‌నో ఒకదాన్ని జతచెయ్యండి. రెండు కొత్తవి ఒకేసారి మొదలుపెడితే మేలు దేనివల్లో, కీడు దేనివల్లో తేలదు. నాలుగో వారం బరువులు. ఆరు సార్లు తీసుకున్నా వారం సగటు కదలకపోతే చేతి చికిత్స ఆపి, వ్యాయామం మాత్రం కొనసాగించండి. ఎనిమిదో వారం చివర కొలతలన్నీ మళ్లీ తీసుకోండి. ఓర్పు పరీక్షలో సెకన్లు పెరిగి నొప్పి మాత్రం తగ్గకపోతే, నొప్పి రకం గుర్తించడంలోనే పొరపాటు జరిగి ఉండొచ్చు. కొలతలు రాసుకున్న పుస్తకం పట్టుకుని ఫిజియో దగ్గరికి వెళ్లి పరీక్ష మొదటి నుంచి చెయ్యమని అడగండి.