కనుమరుగైన నియోజకవర్గం చరిత్ర రాయడం ఎలా? లండన్ సీటుతో చేయి తిప్పుకుందాం

పుత్తూరు ఎమ్మెల్యే ఎవరు అని ఇప్పుడు ఎవరైనా అడిగితే చెప్పడానికి పేరు లేదు. ఊరుంది, బస్టాండుంది, పుత్తూరు కట్టు కోసం ఇప్పటికీ ఎక్కడెక్కడి నుంచో జనం వస్తూనే ఉన్నారు, కానీ పుత్తూరు అసెంబ్లీ సీటు మాత్రం 2008 డీలిమిటేషన్‌లో, అంటే నియోజకవర్గాల పునర్విభజనలో పోయింది. మన పాత చిత్తూరు జిల్లాలో వాయల్పాడు, వేపంజేరి కూడా అప్పుడే పోయాయి. గాలి ముద్దుకృష్ణమ నాయుడు గారు 2009లో పుత్తూరు వదిలి నగరికి, కిరణ్ కుమార్ రెడ్డి గారు వాయల్పాడు వదిలి పీలేరుకి మారింది అందుకే. ఇంకో ఇరవై ఏళ్ళు పోతే ఈ సీట్లలో ఎవరు ఎవరి మీద ఎంత తేడాతో గెలిచారో చెప్పేవాళ్ళు మిగలరు. అందుకే ఇలాంటి సీట్ల చరిత్ర ఎవరికి వాళ్ళం రాసి పెట్టుకోవాలని నా పట్టుదల, అది ఎలా రాయాలో చెప్పడానికే ఇదంతా.

అయితే మొదటి ప్రయత్నం మన ఊరి సీటుతో చేయొద్దు. మన సీటు అనగానే మన పార్టీ, మన కులం, మన మామ ఓటేసిన గుర్తు అన్నీ కలం పట్టుకుంటాయి. మనకి ఏ పట్టింపూ లేని సీటు ఒకటి తీసుకుని చేయి తిప్పుకుంటే, తర్వాత సొంత ఊరి లెక్కలు కూడా నిదానంగా చూడగలం. నేను లండన్‌లోని బ్యాటర్సీ నార్త్ తీసుకున్నాను. 1918లో పుట్టి 1983లో పోయిన సీటు, అంటే అరవై ఐదేళ్ళ చరిత్ర. పైగా మన దేశం మనిషి ఒకాయన అక్కడ రెండుసార్లు గెలిచారు, రెండుసార్లు సీటు పోగొట్టుకున్నారు, కాబట్టి చదువుతుంటే విసుగు రాదు.

ఒక పెద్ద సైజు రూళ్ళ నోటుబుక్కు కొనండి. తిరుపతి బైరాగిపట్టెడలో నా గదిలో నేను వాడేది స్కూలు పిల్లల లాంగ్ నోట్‌బుక్కే. రెండు పేజీలు కలిపి ఒకే పట్టికగా గీయండి. సంవత్సరం, గెలిచినవాళ్ళు, ఓడినవాళ్ళు అందరూ, ఓట్లు, తేడా, చివర్లో బాగా వెడల్పుగా ఒక ఖాళీ కాలమ్ ఉండాలి. ఆ ఖాళీ కాలమ్‌కి ఇప్పుడే పేరు పెట్టొద్దు, అసలు పని అక్కడే ఉంది. కంప్యూటర్లో చేసుకునేవాళ్ళు చేసుకోండి, కానీ చేత్తో రాస్తే ఒక్కో అంకె దగ్గర రెండు సెకన్లు ఎక్కువ ఆగుతాం, ఆ ఆగడం ఈ పనికి చాలా అవసరం.

పేర్లకంటే ముందు సరిహద్దు రాయండి. మొదట్లో నేను ఇది చేయకుండా జాన్ బర్న్స్ పేరు బ్యాటర్సీ నార్త్ ఎంపీల జాబితాలో ఎక్కించేశాను. ఆయన 1892 నుంచి 1918 వరకు గెలుస్తూ వచ్చింది బ్యాటర్సీ అనే ఒకే పెద్ద సీటు నుంచి, దాన్ని 1918లో నార్త్, సౌత్ అని రెండు ముక్కలు చేశారు. 1983లో మళ్ళీ రెండూ కలిపేసి బ్యాటర్సీ అన్నారు. పేరు అదే, గీత వేరు. మన దగ్గర నగరి కూడా అంతే, 2004 నగరి, 2009 నగరి ఒకటి కాదు, పుత్తూరు ముక్క కలిసిన తర్వాతది వేరే సీటు. ఈ సంగతి రాయకుండా పార్టీ ఓట్లు పెరిగాయి, తగ్గాయి అని రాస్తే ఆ లెక్క తప్పు.

తర్వాత ఎన్నికల సంవత్సరాలు నింపండి. 1918 నుంచి 1979 దాకా బ్రిటన్‌లో 18 సాధారణ ఎన్నికలు జరిగాయి. 1935 తర్వాత యుద్ధం వల్ల 1945 దాకా లేవు, 1974లో మాత్రం ఫిబ్రవరిలో ఒకటి, అక్టోబరులో ఒకటి. ఇవి సులభంగా దొరుకుతాయి. మనం జారిపోయేది ఉప ఎన్నికల దగ్గర. బ్యాటర్సీ నార్త్‌లో 1940లో ఒకటి, 1946లో ఒకటి వచ్చాయి. 1940లో లేబర్ పార్టీకి చెందిన ఫ్రాన్సిస్ డగ్లస్ వచ్చారు, 1946లో ఆయన మాల్టా గవర్నర్‌గా వెళ్ళిపోతే అదే పార్టీ నుంచి డగ్లస్ జే వచ్చి 1983లో సీటు రద్దయ్యే దాకా ఉన్నారు. ఒకరి ఇంటిపేరు డగ్లస్, ఇంకొకరి పేరే డగ్లస్, గబగబా చూస్తే ఇద్దరూ ఒకరే అనిపిస్తారు. తిరుపతిలో 2009 చిరంజీవి గారి గెలుపు రాసి, 2012 ఉప ఎన్నికలో భూమన కరుణాకర రెడ్డి గారు గెలిచింది వదిలేస్తే ఎంత తప్పో ఇదీ అంతే తప్పు.

ఓడినవాళ్ళ పేర్లు తప్పకుండా రాయండి. ఈ ఒక్క మాట కోసం మిగతాదంతా మర్చిపోయినా పర్లేదు. 1918లో బ్యాటర్సీ నార్త్‌లో గెలిచింది రిచర్డ్ మోరిస్, ఆయన్ని నేను పెద్దగా పట్టించుకోలేదు. ఓడిపోయింది ఎవరు? లేబర్ తరఫున నిలబడ్డ షార్లెట్ డెస్పార్డ్. మహిళల ఓటు కోసం జైలుకి వెళ్ళిన మనిషి, అదే బ్యాటర్సీలో నైన్ ఎల్మ్స్ పేదల మధ్య ఏళ్ళ తరబడి ఉండి పనిచేసిన మనిషి. బ్రిటన్‌లో ఆడవాళ్ళు పార్లమెంటుకి పోటీ చేయగలిగిన మొట్టమొదటి ఎన్నిక అది, అప్పటికి ఆమెకి 74 ఏళ్ళు. గెలిచినవాళ్ళ జాబితా ఒక్కటే చూస్తే ఆమె అక్కడ నిలబడ్డారనే సంగతే మనకి తెలియదు.

ఇప్పుడు అంకెల దగ్గరికి వద్దాం, ఇక్కడ నిదానంగా కూర్చోండి. మన మనిషి అన్నది షాపుర్జీ సక్లత్‌వాలా, బొంబాయి పార్సీ, జంషెట్‌జీ టాటాకి మేనల్లుడు. ఆయన నాలుగు ఎన్నికలు నా నోటుబుక్కులో ఇలా ఉన్నాయి:

1922: సక్లత్‌వాలా 11,311, హాగ్‌బిన్ 9,290, మూడో అభ్యర్థి 1,756. సక్లత్‌వాలా గెలుపు, తేడా 2,021.
1923: హాగ్‌బిన్ 12,527, సక్లత్‌వాలా 12,341. ఓటమి, తేడా 186.
1924: సక్లత్‌వాలా 15,096, హాగ్‌బిన్ 14,554. గెలుపు, తేడా 542.
1929: శాండర్స్ 13,265, మార్స్‌డెన్ 10,833, సక్లత్‌వాలా 6,554, లిబరల్ అభ్యర్థి 4,513.

పై మూడు వరుసలు చూసి ఎవరైనా ఏమంటారు? 1922లో జనం నెత్తిన పెట్టుకున్నారు, 1923లో దించేశారు, 1924లో మళ్ళీ ఎక్కించారు అంటారు. కాలిక్యులేటర్ తీసి శాతాలు వేయండి. 1922లో ఆయనకి 50.6, 1923లో 49.6, 1924లో 50.9. మనిషి పెద్దగా కదల్లేదు! ఓడిపోయిన 1923లో ఆయనకి 1922లో గెలిచినప్పటికంటే 1,030 ఓట్లు ఎక్కువే వచ్చాయి. 1922లో అవతలి ఓట్లు ఇద్దరి మధ్య చీలాయి, అందుకే తేడా రెండు వేలు దాటినట్టు కనిపించింది, ఆ ఇద్దరి ఓట్లూ కలిపి చూస్తే అసలు తేడా 265. 1923లో ముఖాముఖి పోటీ కాగానే 186తో సీటు పోయింది. ఆ ఊరు మొదటి నుంచీ సగం సగంగా చీలి ఉంది, అంతే. బేరివీధి టీకొట్టు దగ్గర ఓట్ల చీలిక గురించి రోజూ మాట్లాడుకునే మనకి ఇది ఇంకొకరు విడమరిచి చెప్పాలా? కానీ పట్టిక గీసి శాతం వేసే దాకా నాకే కనపడలేదు.

శాతం అయ్యాక పార్టీ పేరు దగ్గర ఆగండి. సక్లత్‌వాలా 1922, 1923లో లేబర్ అభ్యర్థి, కమ్యూనిస్టు పార్టీలో కూడా సభ్యుడే. 1924లో లేబర్ పార్టీ కమ్యూనిస్టులకి తలుపులు మూసేసింది, అంటే మన భాషలో బీఫారం ఇవ్వలేదు, ఆయన కమ్యూనిస్టుగానే నిలబడ్డారు, స్థానిక లేబర్ కార్యకర్తలు మాత్రం ఆయన వెంటే ఉన్నారు. హాగ్‌బిన్ కూడా 1923లో లిబరల్, 1924లో కాన్‌స్టిట్యూషనలిస్టు అనే పేరుతో నిలబడ్డారు. కాబట్టి పార్టీ రంగులతో పట్టిక నింపితే ఆ రెండేళ్ళలో ఊరంతా తలకిందులైనట్టు కనిపిస్తుంది, నిజానికి నిలబడింది ఆ ఇద్దరు మనుషులే, ఓటేసింది దాదాపు అదే జనం. ఇంకోటి, అప్పటి బ్యాలెట్ పేపర్ మీద పార్టీ పేరే ఉండేది కాదు, 1970 ఎన్నిక నుంచే అది మొదలైంది. పేరు చూసి గుర్తుపట్టి ఓటేయాలి.

మరి 1929లో 18.6 శాతానికి ఎందుకు పడ్డారు? ఇక్కడే ఆ పేరులేని వెడల్పు కాలమ్ పనికొస్తుంది. అందులో 1924, 1929 ఎన్నికల మధ్య ఏం జరిగిందో రాయండి. 1926 సార్వత్రిక సమ్మె అప్పుడు ఒక ప్రసంగానికి ఆయన్ని రెండు నెలలు జైల్లో పెట్టారు. ఆయన్ని వదలని బ్యాటర్సీ లేబర్ శాఖని అదే ఏడాది లేబర్ పార్టీ తన నుంచి తీసేసింది. 1927లో ఆయన మన దేశానికి వచ్చి ఊరూరా తిరిగారు. ఇక 1929లో లేబర్ పార్టీ అధికారికంగా శాండర్స్‌ని నిలబెట్టింది. అన్నిటికంటే నాకు బాధ అనిపించిన వరుస ఒకటుంది. జాన్ ఆర్చర్ అని, 1913లో బ్యాటర్సీ మేయర్ అయిన నల్లజాతి నాయకుడు, సక్లత్‌వాలాకి ఎన్నికల ఏజెంటుగా పనిచేసిన మనిషి. 1929లో ఆయన శాండర్స్ ఏజెంటు. ఏజెంటు పేరు కూడా రాయండి అని నేను పోరేది అందుకే, అభ్యర్థి పక్కన ఎవరున్నారు, ఎప్పుడు తప్పుకున్నారు అన్నదాంట్లో సగం కథ ఉంటుంది. డిపాజిట్ మాత్రం సక్లత్‌వాలాకి పోలేదు, అప్పట్లో అక్కడ ఎనిమిదో వంతు ఓట్లు వస్తే సరిపోయేది. మన ఆరో వంతు లెక్కన చూసినా దక్కేదే.

ఓటర్లు ఎవరన్నది కూడా ఆ కాలమ్‌లోనే రాయండి. 1918లో 21 ఏళ్ళు నిండిన మగవాళ్ళకి ఓటు వచ్చింది, ఆడవాళ్ళకి 30 నిండాలి, దానికీ ఆస్తి షరతులు. 1928లో చట్టం మారి 21 నిండిన ఆడవాళ్ళందరికీ ఇచ్చారు. 1924లో ఆ సీటులో పడ్డ ఓట్లు 29,650, 1929లో 35,165. పెరిగిన ఐదున్నర వేల వెనక ఆ మార్పు ఉంది. ఇది రాయకుండా రెండు ఎన్నికల ఓట్లని పక్కపక్కన పెట్టి పోల్చొద్దు.

1931లో కన్సర్వేటివ్ మార్స్‌డెన్, 1935లో మళ్ళీ శాండర్స్, 1940 నుంచి చివరి దాకా లేబర్. ఈ భాగం నేను ఒక్క పేజీలో తేల్చేశాను, మీరూ తేల్చేయండి. అన్ని ఏళ్ళకీ సమానంగా చోటు ఇవ్వాలని రూలేమీ లేదు.

ఎక్కడ వెతకాలి అంటే, బ్రిటన్ పార్లమెంటు చర్చలన్నీ హాన్సార్డ్ అనే అధికారిక రికార్డులో ఆన్‌లైన్లో ఉచితంగా దొరుకుతాయి, సభ్యుడి పేరుతో వెతికితే ఏ రోజు ఏం మాట్లాడారో వస్తుంది. ఓట్ల అంకెలు మాత్రం ఒక్కచోట చూసి రాసేయొద్దు, రెండు చోట్ల కలిస్తేనే పెన్నుతో రాయండి, లేదంటే పెన్సిల్. మన సీట్లకైతే ఎన్నికల సంఘం వెబ్‌సైట్లో మొదటి ఎన్నికల నుంచీ గణాంక నివేదికలు ఉన్నాయి, ప్రతి సీటులో ప్రతి అభ్యర్థికి వచ్చిన ఓట్లు ఉంటాయి, ఓడినవాళ్ళతో సహా.

బ్యాటర్సీ పూర్తయ్యాక అదే నోటుబుక్కులో వెనక నుంచి పుత్తూరు మొదలుపెట్టాను. 2004 నుంచి వెనక్కి వెళ్తున్నాను. మొన్న ఆదివారం పుత్తూరులో మా మామ దగ్గర కూర్చుని పట్టిక చూపిస్తే కళ్ళజోడు పెట్టుకుని గెలిచినవాళ్ళ కాలమ్ మీదుగా వేలు పోనిచ్చి, "వీళ్ళు సరే గానీ, ఓడినోళ్ళకి ఊళ్ళో ఎవరు తిరిగారో నన్నడుగు, చెప్తా" అన్నాడు. రెండు గంటలు చెప్పాడు. వెడల్పు కాలమ్ నిండిపోయి పక్క పేజీకి పోయింది, అంతా పెన్సిల్‌తోనే ఉంది.