తొలిసారి ఎమ్మెల్యేగా నామినేషన్ వేస్తున్నారా? ఫారం 26 దగ్గర జాగ్రత్త

నోటిఫికేషన్ రాగానే రిటర్నింగ్ అధికారి (ఆర్వో) ఆఫీసు చుట్టుపక్కల జిరాక్స్ షాపుల దగ్గర కొందరు తయారవుతారు. "నామినేషన్ పత్రాల సెట్టు మొత్తం మేమే రెడీ చేస్తాం, మీరు సంతకాలు పెడితే చాలు" అంటారు. ఆ ఫారాలు ఆర్వో ఆఫీసులో ఊరికే ఇస్తారు. వాళ్లకిచ్చిన డబ్బు పోతే పోయింది గానీ, స్క్రూటినీలో (ఆర్వో చేసే నామినేషన్ల పరిశీలనలో) నామినేషన్ పోతే మళ్లీ ఎన్నికలొచ్చేదాకా ఆగాలి.

అర్హతల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. స్క్రూటినీ రోజుకు 25 ఏళ్లు నిండాలి, రాష్ట్రంలో ఎక్కడో ఒకచోట ఓటు ఉండాలి. ఓటు వేరే నియోజకవర్గంలో ఉంటే ఆ ఓటరు జాబితా సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. ఇద్దరు పిల్లల నిబంధన ఒకప్పటి స్థానిక సంస్థల గొడవ, అసెంబ్లీకి లేదు.

నామినేషన్ పత్రం ఫారం 2బి. ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 3 లోపు ఇవ్వాలి. ఆన్‌లైన్‌లో నింపినా ప్రింటు తీసి చేతికివ్వాల్సిందే. డిపాజిట్ 10,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 5,000. చెక్కు తీసుకోరు. ఎన్నికల ఖర్చుకు విడిగా బ్యాంకు ఖాతా, నామినేషన్‌కు కనీసం ఒకరోజు ముందే తెరవాలి.

గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక ప్రతిపాదకుడు, అంటే మీ పేరు ప్రతిపాదిస్తూ సంతకం పెట్టే ఓటరు చాలు. ఇండిపెండెంట్లకూ, రిజిస్టరై గుర్తింపు లేని పార్టీల వాళ్లకూ పదిమంది కావాలి, అందరూ అదే నియోజకవర్గం ఓటర్లై ఉండాలి. వాళ్లలో వేలిముద్ర వేసేవాళ్లుంటే ఆర్వో ముందో, అందుకు అధికారం ఉన్న అధికారి ముందో వేయించాలి. ఇంటి దగ్గర వేయించుకొస్తే చెల్లదు.

ఎక్కువమంది తడబడేది మాత్రం ఫారం 26, అంటే అఫిడవిట్ దగ్గర. అందులో మీ ఆస్తులే కాదు, భార్య లేదా భర్త, ఆధారపడినవాళ్లు, ఉమ్మడి కుటుంబం ఉంటే దానివీ రాయాలి. నగలు, బండ్లు, పొలం సర్వే నంబర్లు, బ్యాంకు అప్పులు, ఐదేళ్ల ఆదాయపు పన్ను వివరాలు, పెండింగ్ కేసులు, సోషల్ మీడియా ఖాతాలు... అన్నిటికీ గడులుంటాయి. మనకు లేనివాటికి ఏం రాస్తాంలే అని వదిలేస్తారు చూడండి, చిక్కంతా అక్కడే. ఒక్క గడి కూడా ఖాళీగా ఉండకూడదు. మీకు లేనివాటికి "లేదు" అనో, మీకు సంబంధించనిదైతే "వర్తించదు" అనో రాయాలి. గీత గీస్తే సరిపోదు. ఖాళీలు నింపమని ఆర్వో చెప్పాక కూడా నింపకపోతే నామినేషన్ తిరస్కరించవచ్చని 2013లో సుప్రీంకోర్టు తేల్చింది.

షాపువాళ్లు వేరే అభ్యర్థి పాత ఫైలు మీదే పేర్లు మార్చి టైపు చేసే రకం. కాబట్టి చివర ఉండే సారాంశంలోని మొత్తాలు పై వివరాలతో సరిపోతున్నాయో లేదో మీరే కూడి చూసుకోండి. ప్రతి పేజీ మీద మీ సంతకం, నోటరీ ముద్ర రెండూ ఉండాలి. కేసు ఉన్నంత మాత్రాన కంగారు పడక్కర్లేదు, పెండింగ్ కేసుతో పోటీ ఆగదు. దాన్ని దాచడమే తప్పు: ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. కేసులున్నవాళ్లు ఆ సంగతి పేపర్లోనూ టీవీలోనూ మూడేసిసార్లు ప్రకటించాలి కూడా.

పత్రాలు ఇచ్చాక ఆర్వో ఒక చెక్‌లిస్ట్ ఇస్తారు. ఏం తక్కువైందో, ఎప్పటిలోగా ఇవ్వాలో దానిలోనే ఉంటుంది. అది చదవకుండా జేబులో పెట్టుకుని ఊరేగింపుకు వెళ్లిపోయేవాళ్లు ఎక్కువ. అఫిడవిట్‌లో ఖాళీలున్నాయని రాస్తే, టెన్షన్ పడకుండా స్క్రూటినీ మొదలయ్యేలోపు పూర్తి వివరాలతో కొత్తది ఇవ్వండి. చివరిరోజు దాకా ఆగకుండా ముందే నామినేషన్ వేయమనేది ఇందుకే.

ఇంకొకటి, రాజ్యాంగానికి విధేయంగా ఉంటానని చేసే ప్రమాణం. నామినేషన్ వేశాక ఆర్వో ఎదుటే చేసేయండి. స్క్రూటినీ రోజు పొద్దున్నే వచ్చి చేస్తానంటే కుదరదు, ముందురోజుకే అయిపోవాలి.